ఓడినవాడికి చెప్పాల్సిన మాట

అప్పు తీరుస్తాం, ఆకలి తీరుస్తాం, వాకిట్లో ముగ్గు తీరుస్తాం. తగవు కూడా తీరుస్తాం. ‘తీర్పు’ అన్న మాట ఈ ఇంటి పనుల మధ్యనే పుట్టింది. ముగించడం, చక్కబెట్టడం అనే రెండర్థాలూ అందులో ఉన్నాయి. ‘తగవు’ది మరో కథ. తగినది, న్యాయమైనది అని దాని పాత అర్థం. న్యాయం చెప్పేవాడు తగవరి. రానురాను ఆ మాటకే జగడం అన్న అర్థం స్థిరపడింది. తెలంగాణలో పంచాయితీ కూడా ఇదే దారి పట్టింది. పెద్దమనుషులు కూర్చుని తేల్చే సభ పేరు, వాళ్లు తేల్చాల్సిన గొడవకే పేరైపోయింది.

కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగువాడికి తెలుగులోనే అందాలని ఆనాడే ఒక కవి పూనుకున్నాడంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ స్మృతి ప్రకారం రుజువులు మూడు: పత్రం, అనుభవం (అంటే స్వాధీనం), సాక్షులు. తుల, అగ్ని, జలం, విషం, కోశం అనే దివ్యాల, అంటే దైవ పరీక్షల, వంతు ఈ మూడూ లేనప్పుడే వస్తుంది. దేవుణ్ణి అడిగే ముందు మనుషుల్ని అడగాలన్న వరస అందులో ఉంది.

శాస్త్రం అలా ఉంటే, జనం నోట నిలిచిన తీర్పరి మర్యాద రామన్న. నెయ్యి అప్పు కథ చూడండి. పాడి బాగా ఉన్న ఆవిడ, ఒక్క గేదె ఉన్న ఆవిడ దగ్గర నెయ్యి అప్పు తీసుకుని లేదు పొమ్మంది. నా ఇంట్లో ఇంత పాడి పెట్టుకుని అప్పెందుకు చేస్తానన్న ఆమె వాదన అందరికీ సబబుగానే తోచింది. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, తలా ఒక చెంబెడు నీళ్లిచ్చి కాళ్లు కడుక్కోమన్నాడు. ఒకావిడ చెంబెడూ ఒక్కసారే గుమ్మరించుకుంది. బురద పోలేదు. రెండో ఆవిడ పుల్లతో బురద గీకేసుకుని, కాసిని నీళ్లతో శుభ్రంగా కడుక్కుని, మిగిలిన నీళ్లు చెంబులోనే ఉంచింది. ఎంత ఉన్నా చాలనిది ఎవరికో తేలిపోయింది.

చిన్నప్పుడు ఈ కథ విని చప్పట్లు కొట్టాను. ఇప్పుడు మాత్రం కొంచెం భయం వేస్తుంది. నీళ్లు పారబోసే మనిషి నెయ్యి అప్పు ఎగ్గొట్టే ఉంటుందా? స్వభావాన్ని చూపించి ‘కాబట్టి ఈ పని చేసే ఉంటాడు’ అనడాన్ని సివిల్ దావాల్లో మన సాక్ష్య చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఇంట్లో, వీధిలో మనం రోజూ చేసేది మాత్రం రామన్న పనే. నడక చూసి, మాట చూసి మనిషిని అంచనా కట్టేస్తాం. అది లేకుండా ఇల్లు అద్దెకివ్వలేం, పిల్లకు సంబంధం చూడలేం.

ఇక కోర్టు మాటలకొస్తే, నవాబుల కాలం నుంచి దావా, వకీలు, ఫిర్యాదు, జామీను, రాజీ వచ్చాయి. ముద్దాయి అంటే అసలు ఫిర్యాదుదారు. ఉర్దూలో నేటికీ అంతే. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడినవాడయ్యాడు. తర్వాత ఇంగ్లీషు కోర్టులు, 1862లో మద్రాసు హైకోర్టు వచ్చాయి. 1872 సాక్ష్య చట్టం ‘రుజువు’ను నిర్వచించడానికి మామూలు మనిషినే పిలిచింది. వివేకం గలవాడు ఆ పరిస్థితుల్లో ఒక సంగతి నిజమనుకుని నడుచుకునేటట్టు ఉంటే, అది రుజువైనట్టే. మన రోజువారీ బుద్ధి అలా కోర్టు మెట్లెక్కింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒక కట్టుబాటు పెట్టింది. గెలుపోటములు డిక్రీలో ఉంటాయి. జడ్జిమెంటు అంటే, ఆ డిక్రీకి న్యాయమూర్తి చెప్పే కారణాలు. నా లెక్కన మన న్యాయ చరిత్రలో ఇంతకంటే గొప్ప వాక్యం లేదు. గెలిచినవాడికి కారణంతో పని లేదు, అది కావలసింది ఓడినవాడికి.

కారణం ఎంతకాలం బతుకుతుందో కోకా సుబ్బారావు చూపించారు. 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయన. సుప్రీంకోర్టుకు వెళ్లాక, 1962లో ఖరక్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. పోలీసులు అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టి మనిషి ఉన్నాడో లేడో చూసుకునే నిఘా మీద అది. ఆ రాత్రి సోదాలు చెల్లవని అందరూ అన్నా, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ తేల్చింది. అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని, మొత్తం నిఘా నిబంధనే చెల్లదని సుబ్బారావు, జె.సి. షా వేరుగా రాశారు. ఆనాటికి అది మైనారిటీ తీర్పు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆ మైనారిటీ మాటనే నిలబెట్టారు. తీరిపోయిందనుకున్నది తీరలేదు. అప్పటికి సుబ్బారావు లేరు, ఆయన రాసిన కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక కోర్టు వరండాలో ఒక పెద్దాయనను చూశాను. లోపల ఇంగ్లీషులో ఒక్క ముక్క చదివి కేసు ముగించారు. బయటికొచ్చి, మాసిన తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ వకీలుని అడిగాడు: ‘‘మనకా సారూ, వాళ్లకా?’’ వాళ్లకని చెప్పారు. కాసేపు ఊరుకుని, ‘‘ఎందుకని?’’ అన్నాడు. కాపీ వచ్చాక చూద్దామన్నారు.

2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు రాసింది. పేపర్లో ఆ వార్త చదువుతుంటే నాకు ఆ పెద్దాయన తువ్వాలే గుర్తొచ్చింది. ఆయన చేతికొచ్చిన కాపీని ఎవరు చదివి చెప్పారో!