రక్షకుల పేరు, దొంగల పేరు

తెనాలిలో రైలెక్కి బాపట్ల దాటితే స్టూవర్టుపురం స్టేషను. ఆ బోర్డు చూస్తే నాకు 'సాల్వేషనిస్టు' మాట గుర్తొస్తుంది. 1878లో విలియం బూత్ 'వాలంటీర్ ఆర్మీ' అన్న మాటల్లో మొదటిది కొట్టేసి 'సాల్వేషన్' అని రాశాడు. ఆ సైన్యంలో చేరినవారు సాల్వేషనిస్టులయ్యారు. మూలం లాటిన్ 'సాల్వుస్': క్షేమంగా, చెక్కుచెదరకుండా ఉన్న అని అర్థం. సంస్కృత 'సర్వ' దానికి జ్ఞాతిపదమే! తెలుగులో అది 'రక్షణ సైన్యం' అయింది. మన 'రక్షణ'లో కాపలా కూడా ఉంది.

1911 చట్టం మద్రాసు రాష్ట్రంలో ఎరుకలవారికి 'నేరస్థ జాతి' అని పేరు పెట్టింది. దరిమిలా ప్రభుత్వం వారిని స్టూవర్టుపురంలో ఆ సైన్యం కాపలాకే అప్పగించింది. సాల్వేషనిస్టు పేరు తాము ఎంచుకున్నది. ఎరుకలవారిని ఎవరడిగారు? చట్టం 1952లో రద్దయింది. 'స్టూవర్టుపురం దొంగలు' మాత్రం 1991లో సినిమా పేరయింది. దాన్ని రాసింది దొరలు కాదు, మనవాళ్లే.