నెత్తిమీది పెద్దమ్మ

చేపట్టిన పనల్లా చెడిపోతుంటే ‘నెత్తిన పెద్దమ్మ కూర్చుంది’ అంటాం. ఈ పెద్దమ్మ దరిద్రదేవత జ్యేష్ఠాదేవి. పాలసముద్రంలోంచి లక్ష్మి కంటే ముందు పుట్టిందని పద్మపురాణం చెబుతుంది. అక్క కనుక సంస్కృతంలో జ్యేష్ఠ. లక్ష్మిని అమ్మగా తలిచే మనకు వరసకు పెద్దమ్మ. గ్రీకులు పగతీర్చే ఎరినీలను భయంతో ‘దయగలవారు’ అని పిలిచినట్టు ఇదీ బుజ్జగింపేనని ఎవరైనా అనొచ్చు. నాకలా తోచదు. బుజ్జగించే పేరుతో ఎవరూ తిట్టరు. ఈ మాట తిట్టులోనే బతికింది.

మరి కేతేపల్లి వైపు నల్గొండ పల్లెల్లో ముదిరాజులు కొలిచే పెద్దమ్మ? ఆమె కులదైవం, కాపాడే తల్లి. అక్కడ ‘పెద్ద’ అంటే వరస కాదు, గొప్పతనం అని నా లెక్క. పేరు కలిసినంత మాత్రాన ఆ తల్లికి దరిద్రాన్ని అంటగట్టకండి.