హరికథ (కపిలేశ్వరపురం)

హరికథ ఒక్కరే నిలబడి చెప్పే కథ. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండ. పక్కన మృదంగం, వయొలిన్ లేదా హార్మోనియం. పాట, పద్యం, వచనం, అడుగు, అభినయం అన్నీ కథకుడివే. గోదావరి జిల్లాల్లో సినిమాహాళ్లు రాకముందు ఇంటిల్లిపాదీ కలిసి రాత్రిపూట బయటికి వెళ్లే పెద్ద ముచ్చట్లలో ఇదొకటి. శ్రీరామనవమికో దసరాకో గుడి ముందు పందిరి వేస్తే, పెందలాడే అన్నాలు తినేసి, చాపలూ దుప్పట్లూ పట్టుకుని వచ్చి ముందు చోటు చూసుకునేవారు. పిల్లలు కునికిపాట్లు పడుతుంటే కథ చెప్పే దాసుగారు ఓ పిట్టకథ అందుకునేవారు. కథ మధ్యలో ఆయన "శ్రీమద్రమారమణ గోవిందో" అనగానే జనమంతా "హరి" అని గొంతు కలపాలి. ఆ ఒక్క మాటతో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు.

పాతకాలపు రాజుల కథను కుటుంబమంతా ఒక రాత్రి కూర్చుని చూడాలన్న కోరిక ఏ దేశంలోనైనా ఉన్నదే. స్పెయిన్‌లో పుట్టిన 'మెడీవల్ టైమ్స్' 1983లో అమెరికాలోని కిస్సిమ్మీలో ఏకంగా కోట కట్టి, గుర్రాలపై వీరుల పోరు చూపిస్తూ భోజనం వడ్డించడం మొదలుపెట్టింది. మన పందిట్లో కోట లేదు, గుర్రం లేదు. రాజు, రాణి, మంత్రి, గుర్రపు డెక్కల చప్పుడు అన్నీ దాసుగారి గొంతులోంచీ గజ్జెల్లోంచీ రావలసిందే. ఈ కళ గొప్పతనమంతా అక్కడే ఉంది.

తెలుగు హరికథకు ఈ రూపం ఇచ్చినవాడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). 1883లో విజయనగరంలో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథ విని, తానూ చెప్పాలని పూనుకున్నారు. 'ధ్రువచరిత్ర' ఆయన మొదటి కథ. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. తన కథలు తానే రాసి, రాగం కట్టి, ఆడి పాడిన ఆయనను 'హరికథా పితామహుడు' అన్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే.

అయితే చాలాకాలం గజ్జె కట్టి నిలబడింది ఎక్కువగా మగవారే. చాపల మీద కూర్చుని రుక్మిణి లేఖకూ సీత కష్టానికీ కళ్లు ఒత్తుకున్నది ఆడవాళ్లు. ఆ రుక్మిణినీ సీతనూ పలికించింది మాత్రం మగ గొంతు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో మద్రాసులో సి. సరస్వతీబాయి హరికథ చెప్పడానికి నిలబడితే ఎదురైన వ్యతిరేకత అంతా ఇంతా కాదు.

ఆ వరస మార్చడంలో గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురానిది పెద్ద పాత్ర. ఇక్కడి జమీందారీ కుటుంబానికి చెందిన, రాజకీయాల్లోనూ పేరున్న ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970ల దశకంలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల నెలకొల్పారు. తిండి, బస ఇచ్చి ఆడపిల్లలకు హరికథ నేర్పించారు. ఇది తేలికైన చదువు కాదు. శ్రుతి తప్పకుండా పాడాలి, తాళం తప్పకుండా అడుగు వేయాలి, పద్యం నోటికి రావాలి, అడ్డుకునే పెద్దమనిషికి నవ్వుతూ జవాబు చెప్పగలగాలి. రెండు మూడు గంటలు ఒక్కతే నిలబడి, వెయ్యి మందిని కదలనివ్వకుండా కూర్చోబెట్టాలి. ఒక పిల్లకు ఇంత ధైర్యం నేర్పే బడి మరొకటి చెప్పమంటే నాకు తట్టదు.

మచిలీపట్నంలో పుట్టిన డి. ఉమామహేశ్వరి ఈ బడిలోనే హరికథ నేర్చుకున్నారు. తెలుగుతో ఆగక సంస్కృతంలోనూ కథ చెప్పి, కాళిదాసు కావ్యాలను హరికథ వేదిక ఎక్కించారు. 2023లో కోట సచ్చిదానంద శాస్త్రికి హరికథకుగాను పద్మశ్రీ రాగా, మరుసటి ఏడాదే ఆమెకూ వచ్చింది.

టీవీ వచ్చాక రాత్రి పందిళ్లు పలచబడ్డాయి. రాత్రంతా సాగే కథ ఇప్పుడు రెండు మూడు గంటలకు కుదించుకుపోయింది. అయినా పండగ పందిట్లో భాగవతారిణి నడుముకు కొంగు బిగించి, చిరతలు ఒకసారి మోగించి, "గోవిందో" అంటే, వెనక వరసలోని ముసలమ్మ ఒళ్లో మనవరాలు కూడా "హరి" అంటుంది.