పాత స్మార్ట్‌ఫోన్ల పునర్వినియోగం

వాడకం నుండి తొలగించిన స్మార్ట్‌ఫోన్‌ను పారవేయకుండా మరొకరికి గాని, మరొక పనికి గాని ఉపయోగపడేటట్లు చేయడాన్ని పునర్వినియోగం అంటారు. ఇది రీసైక్లింగ్ కంటే భిన్నమైనది. రీసైక్లింగ్‌లో ఫోన్‌ను విడగొట్టి లోహాలను వెలికితీస్తారు. ఇందులో ఫోన్ ఫోన్‌గానే మిగులుతుంది. ఐక్యరాజ్య సమితి 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైనది 22.3 శాతం మాత్రమే.

కారణాలు

ఫోన్‌లో ప్రాసెసర్, కెమెరా, మైకు చాలాకాలం చెడిపోవు. ముందుగా క్షీణించేది లిథియం బ్యాటరీ. రెండవది, తయారీదారు భద్రతా నవీకరణలను నిలిపివేయడం. మొదటిదానికి మందు సులభం: హైదరాబాదులోని జగదీష్ మార్కెట్ వంటి చోట్ల బ్యాటరీ, తెర మార్చి ఇచ్చేవారు ఉన్నారు. రెండవదానికి లీనియేజ్ ఓఎస్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు కొన్ని మోడళ్ళకు మాత్రమే పనికివస్తాయి. 2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ నిలిచిపోయిన తరువాత దాని వారసత్వంగా ఇది వెలువడింది. అయితే ఇటువంటి ఫోన్లలో కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయవు. నవీకరణలు ఆగిన ఫోన్‌ను డబ్బు లావాదేవీలకు వాడకపోవడమే మేలు. పాటలు వినడానికి, పాఠాలు చదవడానికి అది చాలు.

అడవి కాపలా

ఈ విషయంలో చెప్పుకోదగినది రెయిన్‌ఫారెస్ట్ కనెక్షన్ సంస్థ ప్రయోగం. ఇంజనీరు టోఫర్ వైట్ 2013లో ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు సౌరఫలకాలు అమర్చి ఎత్తైన చెట్లపై ఉంచాడు. ఫోన్ మైకు అడవి శబ్దాలను నిరంతరం వింటూ, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. అక్కడి ప్రోగ్రాం రంపపు మోతను గుర్తించగానే కాపలాదారులకు హెచ్చరిక చేరుతుంది. నరికిన తరువాత మొద్దులను లెక్కపెట్టడానికి, నరుకుతుండగానే చేరుకోవడానికి గల తేడా ఇదే. దట్టమైన అడవిలోనూ సిగ్నల్ అందే చోట్లు ఉండడం ఈ పద్ధతికి ఆధారం.

జాగ్రత్తలు

పాత ఫోన్‌ను ఇంటి కాపలా కెమెరాగా వాడేవారు దానిని రాత్రింబవళ్ళు ఛార్జరుకు తగిలించి ఉంచుతారు. నిండిన బ్యాటరీ వేడికి ఉబ్బే ప్రమాదం ఉన్నందున రోజుకు కొన్ని గంటలే ఛార్జింగ్ అయ్యేటట్లు టైమర్ పెట్టుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నొక్కరాదు; చెత్తబుట్టలో అసలు వేయరాదు.

ఇతరులకు ఇచ్చేముందు గూగుల్ లేదా ఆపిల్ ఖాతాను తొలగించి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా మిగిలిపోతే ఫోన్ పాత యజమాని సంకేతపదం అడిగి, కొత్తవారికి తెరుచుకోకపోవచ్చు. సిమ్, మెమరీ కార్డులను తీయడం చాలామంది మరచిపోతుంటారు.

చట్టం

భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమావళి ప్రకారం, పాత పరికరాలను బాగుచేసి తిరిగి వాడుకలోకి తెచ్చే సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావాలి.