ఇసుకలో విగ్రహము, శిరస్సుపై మనిషి

మేము చూచిన ప్రాత ఫోటోలలో మరపురానిది ఒకటున్నది. నూబియా ఎడారిలో, నైలు నదీతీరమున, అబూసింబెల్ ఆలయమును 1850లో మాక్సిం ద్యూ కాం అను ఫ్రెంచివాడు తీసెను. రామ్సెస్ చక్రవర్తి విగ్రహము చాలవరకు ఇసుకలో కూరుకొనిపోయినది. దాని కిరీటముపై హాజీ ఇస్మాయిల్ అను నావికుడు కూర్చున్నాడు. ఎత్తు తెలియుటకై అతనిని అక్కడ ఎక్కించిరి. ఆ రోజులలో బొమ్మ కాగితముపై మెల్లగా పడెడిది. మనిషి కదలిన చెడిపోవును. కెమెరా ఇత్తడి గొట్టము ఫిరంగియనియు, కదలినచో పేలుననియు అతనిని బెదిరించినట్లు ద్యూ కామే వ్రాసికొన్నాడు! నవ్వు వచ్చును గాని, ఆ బెదిరింపు మాకు రుచింపలేదు. ఇరువది మీటర్ల విగ్రహమునకు కొలబద్దయైనవాడు ఆ నావికుడే కదా.

1964-68 నడుమ, ఆస్వాన్ ఆనకట్ట నీటిలో మునుగకుండ ఆలయమును ముక్కలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తునకు చేర్చిరి. విగ్రహములు దక్కినవి. ఇస్మాయిల్ కదలక కూర్చున్న ఆ చోటు మాత్రము నాసర్ జలాశయము క్రింద నున్నది. దానిని ఇక ఈ ఫోటోలోనే చూడవలెను.