ఇనుము ఎవరి చేతిలో ఉంది?

మా అక్క కొడుకు ఖమ్మంలో ఇంజనీరింగ్ చదువుతాడు. నల్ల టీషర్టు, భుజాల దాకా జుట్టు, చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒక హోరు. ఒకసారి వాడి ఫోన్‌లో ఆడపిల్లల బ్యాండు విని బాగుందన్నాను. "అది అసలు మెటల్ కాదు పిన్నీ, వాళ్ళు పోజర్లు" అన్నాడు. పోజర్ అంటే వేషగాళ్ళని కూడా వాడే చెప్పాడు. ఆ "అసలు" అన్న మాట నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. భద్రాచలం ఏజెన్సీలో పరిశోధన పేరుతో నేను తిరిగినంత కాలం నా నోట్లోనూ ఉన్నది అదే మాట. "అసలైన" కోయ పాట కావాలి నాకు.

ముందు వాడి సంగీతం సంగతి చెప్తాను. హెవీ మెటల్‌కు పుట్టిల్లని చెప్పే ఊరు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్. కార్ఖానాల ఊరు. 1965లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడికి రేకుల ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇక వెళ్ళనని మొండికేస్తే, ఒప్పుకున్న పని పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. ఆ పూటే యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, గిటారుకు సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 నాటికి ఆ తీగల బిగువు కూడా సడలించాడు. శ్రుతి కిందికి దిగింది. బ్లాక్ సబ్బాత్ పాటల్లో కుర్రాళ్ళు మురిసిపోయే ఆ బరువు వెనక ఒక కార్మికుడి గాయం ఉంది.

మరి ఆ గాయం మగతనానికి గుర్తు ఎప్పుడయింది? 1978లోనే లండన్‌లో గర్ల్‌స్కూల్ అని నలుగురు ఆడపిల్లల బ్యాండు మొదలైంది. 1981లో మోటర్‌హెడ్‌తో కలిసి వాళ్ళు చేసిన రికార్డు బ్రిటన్ జాబితాలో 5వ స్థానానికి ఎక్కింది. అయినా మెటల్ కథలో వాళ్ళది పక్క పేజీయే. రాబర్ట్ వాల్సర్ 1993 నాటి తన పుస్తకంలో ఈ మగతనం గురించిన అధ్యాయానికి "ఫోర్జింగ్ మాస్క్యులినిటీ" అని పేరు పెట్టాడు. ఫోర్జింగ్ అంటే ఇనుము కాల్చి సాగగొట్టడం. దొంగ సంతకం పెట్టడం కూడా.

ఇప్పుడు మన అడవికి వస్తాను. కొమ్ముకోయ ఆట చూడనివాళ్ళు కూడా బొమ్మయినా చూసి ఉంటారు. మగవాళ్ళ తలల మీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో పెద్ద డోలు. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని వరసగా, కొంచెం వెనగ్గా ఉంటారు. ఫోటోలో వాళ్ళ ముఖాలు తరచూ మసగ్గానే పడతాయి. సరిహద్దు దాటి బస్తర్‌లోకి వెళ్తే దండామి మాడియాలున్నారు. 1938లో గ్రిగ్‌సన్ దొరగారు వాళ్ళ గురించి పుస్తకం రాస్తూ "బైసన్ హార్న్ మాడియా" అన్నాడు. ఆ ఆటలో ఆడవాళ్ళ చేతుల్లో ఇనుప మువ్వలు కట్టిన కర్రలుంటాయి. తిరుదుడి అంటారు. అడుగడుక్కీ నేలకేసి కొడుతుంటే ఆ గలగల ఆటంతటికీ కాలం లెక్క పెడుతుంది.

ఇది ఆలోచించడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తల మీద పెట్టుకున్న కొమ్ము శబ్దం చెయ్యదు. మోగేది ఇనుము. పేరు మాత్రం కొమ్ముకు దక్కింది, జాతి మొత్తానికీ మగవాడి తలపాగా పేరే పడింది.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిదున్నను వేటాడటం నేరం. పాత కొమ్ములున్న ఇళ్ళలో వాటిని తాతల ఆస్తిగా దాచుకుంటారు. ఆట చూడ్డానికొచ్చిన పట్నం వాళ్ళు మొదట అడిగేది "ఇవి అసలు కొమ్ములేనా?" అని. పాట అసలుదా అని ఒక్కరూ అడగలేదు. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ ఈ ఆట తమ సంస్కృతే. ముంపు ఊళ్ళు ఎవరివి అన్నప్పుడు మాత్రం అంత పోటీ కనపడదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కంచు తాళం మీద కోయల వేల్పుల కథలూ సమ్మక్క సారలమ్మల కథా పాడిన మనిషి. 2024లో పోయారు. ఆ గౌరవం ఆయనకు తగినదే, అందులో నాకు పేచీ లేదు. కానీ గాయకుడికి పేరూ ఊరూ ఉన్నాయి. రేల పాడే ఇరవైమంది ఆడవాళ్ళకు "బృందం" అన్నదే పేరు.

పోజర్ అనిపించుకోవాల్సింది నేనే. చింతూరు దగ్గర ఒక గూడెంలో రికార్డర్ తీసుకెళ్ళి డోలు పక్కన పెట్టాను, అదే అసలు శబ్దమనుకుని. నా సిద్ధాంత గ్రంథంలో "స్త్రీలు వంత పాడతారు" అని రాశాను. పట్టా వచ్చింది. ఈమధ్య ఆ రికార్డింగులు మళ్ళీ వింటుంటే తెలిసింది. పాట ఎత్తుకునేది ఆడవాళ్ళే. వాళ్ళు అడుగు మారిస్తే డోలు రెండు దెబ్బలు తడబడి, వెతుక్కుని, వాళ్ళను అందుకుంటుంది. వంత పాడేది డోలు.

మా వాడిచేత కూడా వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖర్న డోలు ఆగాక ఒక ముసలమ్మ గొంతు దూరం నించి సన్నగా వినపడుతుంది. "ఆ డబ్బా ఆడ కాదు బిడ్డా, ఈడ పెట్టు." నేను "ఉండమ్మా, ఒక్క నిమిషం" అంటున్నాను. అక్కడితో రికార్డింగు అయిపోయింది.