శివరాంపల్లి నుంచి పోచంపల్లి దాకా: అహింస కథ

అహింస అనగానే మనలో చాలామందికి గాంధీగారి పటం, అక్టోబరు 2 సెలవు గుర్తుకు వస్తాయి. అంతటితో ఆ మాటను పక్కన పెట్టేస్తాము. కాని దాని వెనుక రెండున్నర వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన హైదరాబాదు పొలిమేరలోనే జరిగింది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వేసిన పై వంతెన మీదుగా విమానాశ్రయానికి పోయేవారు శివరాంపల్లి పక్కగానే పోతారు. 1951లో ఆ ఊళ్లో ఏం జరిగిందో హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల్లో ఎందరికి తెలుసు? తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చెప్పవలసిన పెద్దలం మనమే చెప్పలేదు.

హిందూ ఆలోచనలో అహింస

హిందూమతమంతా మొదటినుంచీ అహింసే అనుకోవడం సరికాదు, అసలు లేదనడమూ సరికాదు. వేదకాలపు యజ్ఞాల్లో పశుబలి ఉండేది. ఛాందోగ్యోపనిషత్తు నాటికే దానం, సత్యం మొదలైన గుణాల సరసన అహింసను చెప్పారు. జైనులు, బౌద్ధులు దానిని ప్రధాన వ్రతం చేశారు. ఆలేరు దగ్గరి కొలనుపాక జైన క్షేత్రం, కృష్ణా తీరాన అమరావతి, నాగార్జునకొండ ఆ కాలపు గుర్తులే. కళింగ యుద్ధంలో పారిన నెత్తురు చూసి అశోకుడు పశ్చాత్తాపపడ్డ సంగతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఈనాటికీ చదవవచ్చును.

పతంజలి యోగసూత్రాల్లో అయిదు యమాలలో మొదటిది అహింస. మహాభారతం అనుశాసనిక పర్వంలో అహింసను మించిన ధర్మం లేదని చెబుతుంది. అదే భారతంలో పద్దెనిమిది రోజుల యుద్ధమున్నది, యుద్ధం చెయ్యమని అర్జునుడికి చెప్పిన గీత ఉన్నది. అంటే ఈ వాదన ఆ మతం లోపలే వేల ఏళ్లుగా నడుస్తున్నదన్న మాట. తిలక్ మహాశయుడు గీతలో కర్తవ్యాన్ని, కార్యదీక్షను చూశాడు. అదే గీతలో గాంధీగారు మనిషి లోపల జరిగే మంచిచెడ్డల యుద్ధాన్ని చూశారు. డాక్టర్ అంబేద్కర్ అడిగిన ప్రశ్న వేరు. మనిషిని మనిషి తాకనివ్వని సమాజం, చెరువులో నీళ్లు ముట్టనివ్వని సమాజం హింస చెయ్యడం లేదని ఎలా అనగలం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా అహింసను గురించి మాట్లాడితే అది ఉత్తమాటే అవుతుంది.

గాయపడిన తెలంగాణ

ఆ జవాబు వెతకవలసి వచ్చిన చోట్లలో తెలంగాణ ఒకటి. జనగామ ప్రాంతంలో షేక్ బందగీ అనే పేద రైతు తన భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు. కర్ర పట్టలేదు, కాగితం పట్టుకున్నాడు. కోర్టులో గెలిచాడు. గెలిచినందుకు 1940ల తొలినాళ్లలో దారి కాచి చంపించారు. 'మాభూమి' నాటకానికి ఆయన కథే ప్రేరణ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తరువాత రైతు పోరాటం సాయుధ పోరాటమైంది. ఒకవైపు దేశ్‌ముఖ్‌ల గూండాలు, రజాకార్లు, మరొకవైపు దళాలు, తరువాత సైన్యం. నలిగింది పల్లె జనం.

నగరంలో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని నిర్భయంగా రాశాడు. 1948 ఆగస్టులో, ఒక రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి పోతుంటే రజాకార్లు కాల్చి, చెయ్యి నరికారు. ఆయన చేతిలో ఉన్న ఆయుధం కలం ఒక్కటే.

నెల తిరక్కుండానే పోలీసు చర్య వచ్చింది. దాని వెనుక మరాఠ్వాడా జిల్లాల్లోను, ఇంకా కొన్ని చోట్లను అమాయక ముస్లిముల మీద ఘోరాలు జరిగాయి. భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు తిరిగి చూసి, తక్కువలో తక్కువగా 27 వేలనుంచి 40 వేలమంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజల కంటపడలేదు. రజాకార్లు చేసినది హింసే, వారి పేరు చెప్పి ఏమీ ఎరుగని రైతును, కూలీని చంపినదీ హింసే. ఒకదానిని చెప్పి రెండవది దాచితే చరిత్ర కాదు.

వినోబా నడిచి వచ్చారు

ఇటువంటి గడ్డమీదికి 1951లో ఆచార్య వినోబా భావే వచ్చారు. శివరాంపల్లిలో సర్వోదయ మహాసభ పెట్టారు. రైలు ఉన్నా ఎక్కకుండా వార్ధా దగ్గరి ఆశ్రమంనుంచి సుమారు 300 మైళ్లు నడిచి వచ్చారు. మన సోదరులు ఆయనను గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఖురానును మూలంలో చదవాలని అరబ్బీ నేర్చుకున్న బ్రాహ్మణుడాయన. తరువాతి కాలంలో ఖురాన్ సారాన్ని గ్రంథంగా కూర్చారు. 1948లో మేవాత్‌లో చెదిరిపోయిన మేవ్ ముస్లిములను తిరిగి ఊళ్లలో నిలబెట్టే పనిలో పాల్గొన్నారు.

సభ అయినాక ఆయన హైదరాబాదు జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలుసుకున్నారు. పోలీసు కాపలా లేకుండా నల్లగొండ వైపు కాలినడకన సాగారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళితులు, ఆ రోజుల మాటలో హరిజనులు, బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు: నలభై తరి, నలభై ఖుష్కీ. ప్రభుత్వానికి రాద్దామా అనుకుంటూనే వినోబా ఊరివాళ్లను అడిగారు, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా పుట్టింది. తెలంగాణలో ఆ ఒక్క యాత్రలోనే సుమారు 12 వేల ఎకరాలు పోగయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. దానికి కారణాలు వేరే ఉన్నాయి. అంతా భూదానం వల్లనే అనడం అతిశయోక్తి.

లోపాలు కూడా చెప్పుకోవాలి. దేశమంతటా 5 కోట్ల ఎకరాలు సేకరించాలనుకుంటే సుమారు 42 లక్షలు వచ్చాయి. అందులో రాళ్లగుట్టలు, తగాదా భూములు చాలా ఉన్నాయి. అమ్మగూడదని చట్టమున్నా, నగరం పెరిగి ధరలు కోట్లకు ఎక్కేసరికి రంగారెడ్డి జిల్లా భూదాన భూములు కోర్టు వ్యవహారాలయ్యాయి. పేదవాడికి దానమిచ్చిన నేలను కాజెయ్యడం కత్తి లేని హింస.

నేటి మాట

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచిన నాటినుంచి చుట్టుపక్కల పల్లెలు నగరమైపోయాయి. మణికొండ జాగీరులో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ భూమి అంటూ 1,654 ఎకరాలమీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. తీర్పు మనలో చాలామందికి నొప్పి కలిగించింది. అయినా ఆ పోరాటం దస్తావేజులతో, వకీళ్లతోనే సాగింది. బందగీ నడిచిన దారి అదే. ఓడినా ఆ దారి విడవగూడదు. కాగితాలు ముందే భద్రం చేసుకోవడం, వక్ఫ్ రికార్డులు చదవగల యువకులను తయారు చెయ్యడం మన సంఘాలు తక్షణం చేపట్టవలసిన పని.

అహింస అంటే చేతకానితనం కాదు. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్‌ఖాన్ లక్షమంది పఠాన్లను ఆయుధం లేకుండా నిలబెట్టారు. 1930లో పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో తుపాకులకు వాళ్లు ఎదురు నిలిచారు. సహనం, సబర్, ప్రవక్త ఇచ్చిన ఆయుధమని ఆయన నమ్మారు. గీత చదివిన గాంధీగారు, ఖురాన్ చదివిన బాద్‌షా ఖాన్, రెండూ చదివిన వినోబా ఒకే చోటికి చేరారు.

శివరాంపల్లిలో ఇప్పుడు జాతీయ పోలీసు అకాడమీ ఉన్నది. దేశానికి పోలీసు అధికారులను తయారు చేసే ఊరు అది. ఏ మతంవాడైనా సరే, చట్టం చేతిలో భద్రంగా ఉన్నాననే నమ్మకం పౌరుడికి కలిగించడం వారి అహింస. సెల్‌ఫోనులో వచ్చిన పుకారును నిజం తెలుసుకోకుండా పదిమందికి పంపకపోవడం మన అహింస. మన పిల్లలు ఒకే బల్ల దగ్గర అన్ని మతాలవారితో కూర్చుని పని చేస్తున్నారు. సెలవురోజున వాళ్లను ఒకసారి పోచంపల్లికి తీసుకువెళ్లండి. చీరెలు కొనండి, దానితో పాటు ఈ కథా చెప్పండి.